దీవికి అల్లుడు

ఆడవాళ్ళకి సవతి అనే మాట ఉంది. మొగుడి మనసు ఇంకొకచోటికి పోతే దానికి ఒక పేరుంది కాబట్టి తిట్టుకోవచ్చు, నలుగురిలో కూర్చుని ఏడవచ్చు, ఓపిక నశిస్తే రాజీపడి అక్కా అని పిలవొచ్చు. మగవాడికి ఈ సదుపాయం లేదు. పెళ్ళాం మనసు ఇంకొకచోట ఉంటే ఆ చోటుని ఏమని పిలవాలో తెలుగులో ఎవరూ చెప్పలేదు.

ఈ లోటు కనిపెట్టింది నేను కాదు, మా కొట్టు పక్కన తాళాలు అమ్మే ఆయన. మోండా మార్కెట్ సందులో మాది స్టీలు సామాన్ల కొట్టు. తాతగారు భీమవరం వైపు నుంచి వచ్చి పెట్టారు, నాన్న నడిపారు, ఇప్పుడు నేను గల్లాపెట్టె ముందు కూర్చుంటున్నాను. తాళాలాయన పుట్టి పెరిగిందంతా ఈ సందులోనే. సాయంత్రం టీ వచ్చే వేళకి తన స్టూలు నా కొట్టు ముందుకి లాక్కుని కూర్చుంటాడు.

"ఏందన్నా, వదినె ఇంకా రాలేదా?" అన్నాడు ఒకరోజు.

"వచ్చే నెల."

"పోయిన నెల సుత గదే అన్నవ్. గంత దూరం పోయి చేపలకు కావలుండుడేందే? ఆడోళ్ళకైతే సవతి పోరంటరు. మరి నీ పోరునేమంటరు?"

ఇద్దరం చాలాసేపు ఆలోచించాం. టీ చల్లారిపోయింది కానీ మాట దొరకలేదు. చివరికి ఆయనే తొడ చరిచి, "ఉర్దూల ఉన్నది! రఖీబ్ అంటరు. మనం మనసు పడ్డ మనిషి మీదనే ఇంకొకడు మనసు పడితే, గాడు మనకు రఖీబ్. గానీ అన్నా, రఖీబ్ మనిషైతడు. నీది జాగా గదనే!" అని పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచి నన్ను చూస్తే చాలు, "రఖీబ్ ఎట్లున్నడు?" అని అడుగుతాడు. నేను నవ్వినట్టు మొహం పెడతాను. లోపల మాత్రం మండిపోతుంది.

నా రఖీబ్ అండమాన్‌లో ఒక చిన్న దీవి. దాని అడవినీ, తీరాన్నీ, చుట్టూ సముద్రంలో చేపల్నీ కనిపెట్టుకుని ఉండే ఒక సంస్థలో నా భార్య పని చేస్తుంది. చేరినప్పుడు చిన్న ఉద్యోగం, ఇప్పుడు ఆ దీవిలో పని మొత్తానికి పెద్ద తనే. ఏడాదిలో సగానికి పైగా అక్కడే ఉంటుంది. నన్ను మోసం చేసి ఏమీ పెళ్ళి చేసుకోలేదు. జంతుశాస్త్రం చదివాననీ, సముద్రం మీద పని చెయ్యాలని ఉందనీ పెళ్ళిచూపుల్లోనే చెప్పింది. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి దగ్గర్లోనే పుట్టి పెరిగిన పిల్ల, చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు, మహా అయితే హుస్సేన్ సాగర్ దాకా వెళ్తుందిలే అనుకుని నేను హుషారుగా తల ఊపాను. పెద్దవాళ్ళు అది సంబరం అనుకున్నారు.

మొదట తాబేళ్ళతో మొదలైంది. తాబేళ్ళు ఒడ్డుకొచ్చి ఇసకలో గుడ్లు పెట్టి పోతాయి, ఊరకుక్కలు వాటిని తవ్వి తినేస్తాయి. ఆ గుంతల చుట్టూ వెదురు కంచెలు కట్టించడం, పిల్లలు బయటికొచ్చి నీళ్ళలోకి చేరేదాకా కాపలా పెట్టడం ఆమె పని. అది నేను సహించాను. తాబేలు మీద ఏ మగవాడు అసూయ పడతాడు? తర్వాత చేపలు వచ్చిపడ్డాయి. తాబేళ్ళు బాగుండాలంటే వలలు బాగుండాలట, వలలు వేసే మనుషులు బాగుండాలట, ఆ మనుషులు బాగుండాలంటే చేపలు మిగలాలట. అలా ఒక్కొక్కటే వచ్చి ఆ దీవి మొత్తం ఆమె మెడకి చుట్టుకుంది. సెలవు మీద వస్తానన్నప్పుడల్లా ఏదో ఒక చేప అడ్డం పడేది.

అందులో ముఖ్యమైనది బొంత. ఆ పేరు వల్ల మా ఇంట్లో పెద్ద గందరగోళమే జరిగింది. ఒకసారి ఆమె ఫోన్లో, "అత్తయ్యా, ఈసారి పండక్కి రాలేను, ఇక్కడ బొంతల్ని కాపాడాలి," అంది. మా అమ్మకి తెలిసిన బొంత పాతచీరలు పొరలు పొరలుగా కుట్టి కప్పుకునేది ఒక్కటే. ఫోన్ పెట్టేసి ఆవిడ నా వైపు తిరిగి, "ఏవిట్రా ఇది! మన అటక మీద బోలెడు బొంతలున్నాయి, ఎలకలు కొట్టేస్తున్నాయి. వాటిని కాపాడే దిక్కు లేదు గానీ, సముద్రాలు దాటి వెళ్ళి ఎవరి బొంతలో కాపాడుతోందా?" అంది. ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. కోడలు వస్తోందని తెలిస్తే అటక మీంచి బొంతలు దింపించి ఎండలో వేయిస్తుంది.

నాకు మాత్రం ఆ చేప చరిత్ర అంతా కంఠతా వచ్చు. రాకేం చేస్తుంది, ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అదే పురాణం. బొంతలు ఏడాది పొడుగునా ఎక్కడివక్కడ ఒంటరిగా ఉంటాయి. గుడ్లు పెట్టే వారాల్లో మాత్రం అన్నీ కలిసి పగడాల దిబ్బ దగ్గర ఒకేచోట చేరతాయి. ఆ చోటు తెలిసినవాడు అక్కడ వల వేస్తే ఊడ్చిపెట్టినట్టే. ఇంకో తమాషా ఏమిటంటే, బొంతలు పుట్టడం ఆడవిగానే పుడతాయి, బాగా పెద్దవయ్యాక కొన్ని మగవిగా మారతాయి. పెద్ద చేపలకి మంచి ధర కాబట్టి ముందు వాటినే పట్టేస్తారు. ఇక మగవి ఎక్కడ మిగులుతాయి? ఆమె ఇది చెబుతూ కంట తడి పెట్టుకుంది. మగజాతి మీద ఆమెకి అంత జాలి ఉందని నాకు అప్పుడే తెలిసింది. మల్కాజ్‌గిరిలో కూడా ఒక మగ ప్రాణి ఒంటరిగా ఉందని గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను.

ఆ దీవిలో బెస్తవాళ్ళ పేట ఒకటి ఉంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు, ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. గుడ్ల వారాల్లో దిబ్బ జోలికి వెళ్ళకూడదని ఆమె ఏళ్ళ తరబడి వాళ్ళ గుమ్మాల చుట్టూ తిరిగి, వాళ్ళ చేత తిట్లు తిని, వాళ్ళతో పాటు పడవెక్కి, చివరికి ఒప్పించింది. ఆ తిరగడంలో ఆ యాస పట్టుకుంది. నా కడుపు మంటకి అసలు కారణం అది. మా పెళ్ళయిన కొత్తల్లో "జెర ఆగుండి, వస్తున్న" అనే మల్కాజ్‌గిరి పిల్ల, ఇప్పుడు మా వంటింట్లో నిలబడి ఫోన్లో "ఏటి పెద్దమ్మా, బేగి సెప్పు, తినీసినావా?" అంటుంది. నాతో మాట్లాడేటప్పుడు మళ్ళీ మామూలు తెలుగు. మా భీమవరం యాస ఇన్నేళ్ళలో ఒక్క ముక్క అంటుకోలేదు ఆమెకి. మా అమ్మ ఎన్నిసార్లు "ఆయ్" అన్నా ఈవిడ ఒక్కసారి "ఆయ్" అనలేదు. మనసు ఎక్కడ ఉంటే నాలిక అక్కడికి పోతుందని నాకు అర్థమైంది.

ఇంకా చాలా ఉన్నాయి. ఇంటికొచ్చిన రోజు నుంచే ఆమెకి ఇల్లు ఇరుకు. బాల్కనీలో నిలబడి, ఈపాటికి అక్కడ నీళ్ళు వెనక్కి తీసి ఉంటాయి అంటుంది. నాతో చేపల బజారుకి వస్తే నా పరువు నిలవదు. పిల్ల చేపల గంప కనబడితే చాలు అమ్మేవాళ్ళతో తగువు. నాకు చేప జన వేపుడంటే ప్రాణం. మా ఇంట్లో అది నిషేధం. "గుడ్లండీ అవి. ఎన్ని వేల చేపల్ని నంజుకుంటున్నారో తెలుసా?" అని అడిగితే ముద్ద ఎలా దిగుతుంది? హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి కూడా వాళ్ళమ్మ పార్టీయే. నా పార్టీలో నేనూ, తాళాలాయనా, సగం సగంగా మా అమ్మా.

అయితే ఇదంతా నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఎన్నిసార్లు పంపించానో సికింద్రాబాద్ స్టేషన్ నుంచి. చెన్నై రైలెక్కి, అక్కడ విమానం పట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకటే తంతు. సామాను సర్ది, కిటికీ దగ్గర కూర్చుని, "ఏమీ అనుకోరు కదా?" అంటుంది. "నేనేం అనుకుంటాను? హాయిగా వెళ్ళిరా," అంటాను. "వెళ్ళొస్తాను," అంటుంది. రైలు కదులుతుంది. స్టేషన్ నుంచి కొట్టు దాకా నడిచి వచ్చేలోపు నేను అనుకోనిదంటూ ఏమీ ఉండదు. ఆ దీవిని, దాని చుట్టూ ఉన్న నీళ్ళని, ఆ నీళ్ళలో బొంతల్ని వరసపెట్టి అనుకుంటాను.

ఇలా ఉండగా ఆమెకి ఇక్కడే, నగరంలోనే, ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళే పిలిచి ఇస్తామన్నారు. దీవిలో నేర్చుకున్నదంతా పిల్లలకి పాఠాలుగా చెప్పాలి. రోజూ పొద్దున్న వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చు. ఆ సంగతి ఆమె ఫోన్లో చెప్పినప్పుడు నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో కొట్టు బయట నిలబడ్డ బేరానికి కూడా వినబడి ఉంటుంది. "ఏమంటావు మరి?" అన్నాను వీలైనంత మామూలుగా. "ఆలోచిస్తున్నాను," అంది.

ఆలోచించడం ఏమిటి? నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేనే అక్కడికి వెళ్ళి, మాట్లాడి, ఒప్పించి తీసుకొచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. కొట్టు తాళాలు పక్కాయన చేతిలో పెట్టాను.

"పో అన్నా, పోయి తోల్కరా," అన్నాడు. "జెర నిమ్మళంగ మాట్లాడు. రఖీబ్ ఇంటికి పోయి లొల్లి షురూ చేసినోడు గెలిచినట్టు నేనైతె చూడలే."

విమానం దిగాక మళ్ళీ పడవ. పడవలో నా పరిస్థితి చెప్పుకోవడం నాకే బాగోదు. గట్టు మీద ఆమె నిలబడి ఉంది. ఎండకి నల్లబడి, జుట్టు ముడేసుకుని, రబ్బరు చెప్పులతో. మల్కాజ్‌గిరి బాల్కనీలో ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టుండే మనిషి, అక్కడ ఏదీ వెతుక్కోకుండా నిలబడి ఉంది. ఎంత బాగుందో. అది చూడగానే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.

మర్నాడు మధ్యాహ్నం పేటలో భోజనానికి పిలిచారు. ఆమె ఫోన్లో పెద్దమ్మా అని పిలిచే ముసలావిడ ఇల్లు అది. తీరంలో కంచెలు చూసుకుని వెనక వస్తాను, మీరు వెళ్ళండి అని ఆమె నన్ను ముందే పంపించింది. నేను వెళ్ళేసరికి పేట పేటంతా ఆ వాకిట్లో ఉంది. కాళ్ళకి నీళ్ళిచ్చారు, తుడుచుకోవడానికి కొత్త తువ్వాలిచ్చారు, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ నాకు వేశారు. "అల్లుడు బాబు ఒచ్చినాడు," అని లోపలికి కబురు వెళ్ళింది. నేను ఎవరికి అల్లుణ్ణో కాసేపు అర్థం కాలేదు.

"మా గుంట ఇంకా రాలేదా?" అంది ముసలావిడ నన్ను చూసి. గుంట అంటే తాబేళ్ళ గుంత అనుకుని, కంచె కడుతున్నారండీ, అయిపోవచ్చింది అన్నాను. అందరూ నవ్వారు. గుంట అంటే వాళ్ళ దగ్గర ఆడపిల్ల. ఆ గుంట నా పెళ్ళాం. నేను నా పెళ్ళాం పుట్టింటికి వచ్చాను. అసలు పుట్టిల్లు మల్కాజ్‌గిరిలో ఉండగానే, నాతో ఒక్క మాట చెప్పకుండా, సముద్రం మధ్యలో ఇంకో పుట్టిల్లు పెట్టుకుంది. రఖీబ్ అయితే ఏదో ఒకనాటికి ఓడించొచ్చు. పుట్టింటితో ఏ మొగుడు గెలిచాడు?

విస్తరి వేశారు. ఇక్కడ నా వైపు సంగతి కాస్త చెప్పాలి. మా గోదావరి వైపు అల్లుడు ఇంటికొస్తే చేప పెట్టడం మామూలు మర్యాద. ఉన్నవాడు పెద్ద చేప, లేనివాడు చిన్న చేప. ఎండు చేప కాదు, తాజా చేప అల్లుడి విస్తట్లో పడకపోతే ఆ అల్లుడు అలిగి లేచిపోయినా ఎవరూ తప్పు పట్టరు. అలాంటిది ఇది బెస్తవాళ్ళ పేట. వాకిట్లో వలలు, చూరు కింద వలలు, కొబ్బరిచెట్టుకి కట్టిన వలలు. నేను చొక్కా చేతులు పైకి మడుచుకున్నాను.

అన్నం వడ్డించారు. పప్పు వేశారు. కొబ్బరి పచ్చడి, వంకాయ వేపుడు. తర్వాత ముసలావిడ తానే గిన్నె పట్టుకొచ్చి వేసింది. కోడిగుడ్ల కూర.

ఇంకా ఏదైనా వస్తుందేమోనని చూశాను. మజ్జిగ చెంబు వచ్చి పక్కన కూర్చుంది.

నాకు ఎక్కడెక్కడి కోపమూ వచ్చింది. సముద్రం దాటి వస్తే నాకు కోడిగుడ్డా? ఈ గుడ్డు సికింద్రాబాద్ స్టేషన్ బయట బండి మీద దొరకదా? నా గురించి ఆమె వీళ్ళకి ఏం చెప్పిందో, ఎంత తేలిగ్గా చెప్పిందో, వీళ్ళు నాకు కట్టిన విలువ ఇదన్నమాట అనుకున్నాను. నిమ్మళంగా మాట్లాడమన్న తాళాలాయన మాట గుర్తుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇది చేపల ఊరేనాండీ?" అన్నాను.

వడ్డిస్తున్న పిల్ల గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముసలావిడ మొహం చిన్నబోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ముందు నేల మీద కూర్చుంది.

"నాను సెప్పినాను బాబూ," అంది. "అల్లుడు తొలీసారి ఒత్తన్నాడు, సేప నేకుండా కూడెలాగ పెడతామర్రా అని మొన్నంతా ఏడిసినాను. మా పెద్దోడు పడవ దించుతానన్నాడు. ఒక్క బొంత, ఒక్కటంటే ఒక్కటి, తెచ్చీసి ఒచ్చేత్తానన్నాడు. ఇవి గుడ్ల వారాలు గదా. దిబ్బ కాడ వల ఎయ్యనే ఎయ్యం అని గంగమ్మ తల్లి ముందర ఒట్టేసినాం. దూరం ఎల్దామంటే గాలి బాగో నేదు."

"మరి?"

"మరేటి, అందరం కలిసి మా గుంట కాడికే ఎల్లినాం. నీ మొగుడి కోసమేగదే, ఈ ఒక్కపాలికి కళ్ళు మూసుకో, తల్లికి మాం సెప్పుకుంటాం అన్నాం. పేటంతా ఒప్పీసుకున్నారు బాబూ. అది మాత్తరం ఒప్పుకో నేదు. ఆయన కోసం ఒకటి తెత్తే, రేపు ఇంకొకరి అల్లుడి కోసం ఇంకొకటి తెత్తారు, ఆయనకి గుడ్లు వండీ పెద్దమ్మా అంది. అలాగెలాగే, ఆ బాబు ఏటనుకుంటాడు అన్నాను. అప్పుడంది..."

ముసలావిడ ఆగి, నా భార్య మాటని నా భార్య గొంతుతోనే, ఆ నిబ్బరంతోనే చెప్పింది. "ఆయన ఏమీ అనుకోరు."

ఆ మాట ఆమెకి ఇచ్చింది నేనే. సికింద్రాబాద్ స్టేషన్లో, కిటికీ ఊచలు పట్టుకుని, ప్రతిసారీ నేనే ఇచ్చాను. నేను అది అబద్ధంగా ఇచ్చాను, ఆమె నిజంగా తీసుకుంది. ఎంత నిజంగా తీసుకుందంటే, పేటంతా తలుపు దగ్గర నిలబడి బతిమాలినా, ఇన్నేళ్ళ కష్టం ఒక్క చేపతో తెగిపోయేలా ఉన్నా, ఆమె ఆ మాటని పట్టుకునే నిలబడింది. అనుకోవడం తప్ప ఇన్నేళ్ళుగా వేరే పని చెయ్యని మనిషిని పట్టుకుని.

"ఇంకో గుడ్డు వెయ్యండి పెద్దమ్మా," అన్నాను. "కూర చాలా బాగుంది."

నిజానికి ఉప్పు ఎక్కువైంది. ముసలావిడ మొహం వికసించింది. రెండు వేసింది. వాకిట్లో అందరూ మాటల్లో పడ్డారు. కాసేపటికి నా భార్య వచ్చి, ఇసక కాళ్ళతో నా పక్కన కూర్చుని, నా విస్తరి వైపు ఒకసారి చూసి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. నా మొహం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని ఆమె అనుకోలేదు.

అక్కడ ఉన్న మిగతా రోజులు నేను ఉద్యోగం సంగతి ఎత్తలేదు. ఆమే నన్ను పడవలో దిబ్బ దాకా తీసుకెళ్ళింది. అడుగున అద్దం బిగించిన పెట్టె ఒకటి నీళ్ళ మీద పెట్టి, లోపలికి చూడమంది. కింద బొంతలు కదలకుండా, బరువుగా, మచ్చలు మచ్చలుగా, పెళ్ళిపందిట్లో చుట్టాల్లాగా గుంపుగా ఉన్నాయి. నాకు విస్తట్లో దక్కని చేప అక్కడే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. వాటి కంటే ఆమెనే ఎక్కువసేపు చూశాను. నీళ్ళ మీదకి వంగి, ఊపిరి బిగబట్టి, పెదవులు కదుపుతూ చూస్తోంది. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఉయ్యాలలోకి అలా చూసేది. నా వైపు ఎప్పుడైనా అలా చూసిందా అని ఆలోచించాను. చూసే ఉంటుంది. నేను అప్పుడు ఏ గిన్నెలు సర్దుకుంటున్నానో.

తిరుగు ప్రయాణం రోజు పేటంతా పడవల గట్టుకి వచ్చింది. గుడ్ల వారాలకి ముందే పట్టి ఎండబెట్టిన చేపలు ముసలావిడ మూట కట్టి నా చేతిలో పెట్టింది. వాళ్ళకి కాస్త దూరంగా ఆమె నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"ఆ కాలేజీ వాళ్ళకి ఇవాళో రేపో చెప్పాలి," అంది. "వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. ఇక్కడ ఒట్టేసినవాళ్ళంతా నా మొహం చూసి వేశారు. ఇంకా కొన్నేళ్ళు ఉంటే గానీ నేను లేకపోయినా ఆ ఒట్టు నిలబెట్టుకోవడం వాళ్ళకి అలవాటవదు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఏమీ అనుకోరు కదా?" అంది.

నేనేం అనుకుంటాను అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు.

"అనుకుంటాను," అన్నాను.

ఆమె తలెత్తింది.

"చాలా అనుకుంటాను. ఇప్పుడే కాదు, మొదటి రోజు నుంచీ అనుకుంటున్నాను. నాకు ఈ దీవంటే కుళ్ళు. మీ పెద్దమ్మంటే కుళ్ళు. నీళ్ళలో ఉన్న ఆ చేపలంటే కుళ్ళు. ఫోన్లో నువ్వు ఏటి అన్నావంటే ఆ రోజు నాకు అన్నం సహించదు."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే మానేసి వస్తావేమోనని భయం," అన్నాను. "చెప్పినా మానకపోతే, అది ఇంకా భయం."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంది.

ఇంటి నుంచి వస్తూ ఈ ప్రశ్నకి జవాబు ఎన్నో రకాలుగా తయారు చేసుకున్నాను. ఆమే అడిగింది. పద అంటే వచ్చేది. ఆ క్షణంలో నిజంగా వచ్చేసేది, ఆ సంగతి నాకు ఆమె మొహంలో కనబడింది. నాకు కావలసిందల్లా అదేనేమో, ఆ ఒక్కసారి చూసుకోవడం.

"వద్దని చెప్పెయ్ వాళ్ళకి," అన్నాను. "అనుకునేది నేను ఎలాగూ అనుకుంటాను. ఇకనుంచి పైకే అనుకుంటాను. ఫోన్ చేసి మరీ అనుకుంటాను. విను."

ఆమె నవ్వుతూ ఏడ్చింది. నా చెయ్యి పట్టుకుంది. ఉప్పు నీళ్ళకి గరుకు తేలిన చెయ్యి. పడవ వాడు కేక వేశాడు. నేను మూట చంకన పెట్టుకుని, అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి, "వెళ్తున్నానండీ," అన్నాను.

ముసలావిడ నోటి మీద చెయ్యేసుకుంది. "అదేటి మాట బాబూ! ఎల్తన్నానంటారేటి ఎవరైనా? ఎల్లొత్తానని సెప్పు."

పేటంతా నా నోటి వంక చూస్తూ ఆగిపోయింది. ఆమె కూడా. తెలుగువాడినై ఉండి ఆ మాట మరిచిపోయాను. మరవకేం, ఎప్పుడూ వినేవాణ్ణే తప్ప అనే అవసరం నాకు ఎప్పుడొచ్చింది? నేను ఎప్పుడూ ఉండిపోయేవాణ్ణి.

"వెళ్ళొస్తాను," అన్నాను.

"బేగి రా బాబూ. గుడ్ల వారాలు పోయేక రా. బొంత ఎంత కావాలంటే అంత పెడతాను."

పడవ కదిలింది. గట్టు మీద నిలబడి, చెయ్యి ఊపాలో ఆపాలో తెలీక, కనబడినంతసేపూ చూస్తూ ఉండడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. సికింద్రాబాద్ స్టేషన్లో నాకంటే బాగా ఆ పని చేసినవాడు లేడు. ఇప్పుడు ఆమె అలా నిలబడి ఉంది. అందరూ వెనక్కి తిరిగినా ఆమె తిరగలేదు. అబద్ధం ఎందుకు, చూస్తుంటే నాకు కాస్త సంతోషంగానే ఉంది.